మంచుదారిలో మార్గదర్శి

మన తెలుగులో మంచు అనే మాట ఒక్కటే. పుష్యమాసంలో తెల్లవారుజామున గడ్డిపోచ మీద నిలిచే బిందువూ మంచే. దారిలో బండికి ఎదురుగా తెర కట్టే పొగవంటిదీ మంచే. హిమవత్పర్వతం మీద యుగయుగాలుగా పేరుకొని ఉన్నదీ మంచే. కవులు హిమమనీ, తుహినమనీ, నీహారమనీ, ప్రాలేయమనీ ఎన్నో పర్యాయపదాలు వాడినారు. అవి చాలావరకు ఛందస్సు అవసరాన్ని బట్టి వచ్చినవి. ఒక మంచుకూ మరొక మంచుకూ గల భేదాన్ని కాలితో తొక్కి తెలుసుకోవలసిన అవసరం మనకు కలుగలేదు.

ఆ అవసరం ఉన్నవారు కొందరున్నారు. ఆల్ప్స్ పర్వతాలలో స్కీ యాత్రికులను వెంటబెట్టుకొని నడిపించే మార్గదర్శకులకు, నిన్న రాత్రి కురిసిన పొడిమంచు వేరు. గాలి ఎత్తుకొని వచ్చి ఒక వాలులో దట్టించిన పలకమంచు వేరు. పగలు కరిగి రాత్రి గడ్డకట్టిన పొరమంచు వేరు. అడుగున పంచదార పలుకులవలె ఒకదానికొకటి అంటకుండా ఉండే గుల్లమంచు వేరు. పైన పలకమంచు, కింద గుల్లమంచు ఉన్న వాలు మీద మనిషి కాలు మోపితే ఏమవుతుంది? జొన్నలు చల్లిన నేల మీద బండ పరచి, ఆ నేలను ఏటవాలుగా ఎత్తినట్లవుతుంది. బండతోపాటు మనిషీ పోతాడు. కొండచరియ విరిగిపడుట అని మనం అంటామే, అటువంటి మంచుచరియ అన్నమాట.

శ్రోతలారా, ఈ పూట మేము ప్రస్తావింపదలచినది ఈ మార్గదర్శకులను గురించి. మేము స్కీలు కట్టి ఎరుగము. ఈ సంగతి ముందుగానే మనవి చేసుకొనుట మంచిది. చదివి, విని, పటాలు ముందు పెట్టుకొని తెలుసుకొన్నదే చెబుతున్నాము.

స్కీ అనగానే, తీగెల మీద సాగే కుర్చీలో కూర్చుండి కొండపైకి పోయి, చదును చేసిన బాట మీద జారి వచ్చే వినోదం కొందరికి స్ఫురించవచ్చును. మేము చెప్పేది అది కాదు. ఇది సొంత కాళ్లతో ఎక్కి దిగే యాత్ర. స్కీ అడుగుభాగానికి ఒక పట్టీ అంటిస్తారు. పూర్వం అది సీలు చర్మం. ఇప్పుడు అంగోరా మేక ఉన్నితోనో, నైలానుతోనో నేస్తారు. దాని నూగు అంతా వెనుకవైపునకు వాలి ఉంటుంది. చిన్నతనంలో గడ్డికంకిని చొక్కా చేతిలోకి దూర్చుకొని ఆడుకొన్నవారికి ఈ కిటుకు సులభంగా బోధపడుతుంది: కంకి పైపైకి పాకుతుందే గాని వెనుకకు రాదు. ఎక్కేటప్పుడు మడమ కట్టు వదులుగా ఉండి పాదం నడకకు అనువుగా లేస్తుంది. శిఖరమో కనుమో చేరిన తరువాత పట్టీ ఊడదీసి, మడమ బిగించి, జారుతారు. నాలుగు గంటలు ఎక్కినది అరగంటలో దిగవచ్చును.

ఇటువంటి యాత్రలలో ప్రసిద్ధమైనది ఫ్రాన్సులోని షామొనీ నుంచి స్విట్జర్లాండులోని జెర్మాట్ వరకు సాగే ఓట్ రూట్. అంటే ఎత్తుదారి. 1861లో ఇంగ్లీషు ఆల్పైన్ క్లబ్బువారు వేసవిలో కాలినడకన ఈ దారి కనుగొన్నారు. 1903 జనవరిలో షామొనీ వైద్యుడు మిషెల్ పేయో, ముగ్గురు మార్గదర్శకులతో కలిసి, కొన్ని భాగాలు లోయల మీదుగా చుట్టుతిరిగి, స్కీల మీద జెర్మాట్ చేరినాడు. నేడు మార్చి నడిమి నుంచి మే మొదటివరకు ఈ దారిలో వందలమంది పోతారు. ఆరేడు రోజుల ప్రయాణం. రాత్రులు కొండ విడుదులలో గడుపుతారు. చివరినాడు వీన్యెత్ విడిది నుంచి బయలుదేరి మూడు కనుమలు దాటవలె. మూడవదైన వాల్పెలిన్ కనుమ ఎత్తు 3,500 మీటర్లకు పైమాటే. అక్కడినుంచి మాటర్‌హార్న్ నీడలో జెర్మాట్ వరకు దిగుడే.

ఈ దారిలో సగానికి సగం హిమానీనదాల మీదుగా పోతుంది. వేసవిలో మన రేగడి భూములు నెర్రెలు పడినట్లు ఆ మంచునదులు నెర్రెలు పడి ఉంటవి. వాటి లోతు పదుల మీటర్లు. పైన కొత్తమంచు కప్పి ఉండుటచేత కంటికి ఆనవు. 1943లో స్విస్ సైన్యంవారు జెర్మాట్ నుంచి వెర్బియే వరకు, ముగ్గురేసి జట్లుగా, ఒక పందెం ఏర్పాటు చేసినారు. 1949లో ఒక జట్టుకు జట్టే అటువంటి నెర్రెలో పడి మరణించినది. దానితో పందెం నిలిపివేసి, తిరిగి 1984లోగాని మొదలుపెట్టలేదు. వారు ముగ్గురూ శిక్షణ పొందిన సైనికులే.

యాత్రికుల వద్ద ఉండే సాధనాలలో ఒకటి మాకు ప్రత్యేకంగా ముచ్చట గొలిపినది. అది రేడియో. గుప్పిట పట్టేటంత యంత్రం, రొమ్మున కట్టుకొంటారు. నడిచినంతసేపు 457 కిలోహెర్ట్జ్ మీద సంకేతం పంపుతూనే ఉంటుంది. రేడియో పెట్టె ముల్లు తిప్పేవారికి తెలిసిన మీడియం వేవ్ 531 వద్ద మొదలవుతుంది గనుక, ఇది దానికి కాస్త దిగువ ఇంట ఉన్నదన్నమాట. ఒకరు మంచు కింద పడిపోతే, మిగిలినవారు తమ యంత్రాలను ప్రసారం నుంచి గ్రహణానికి మార్చి వెదుకుతారు. మేము ఇన్నేళ్లుగా మాటలూ పాటలూ ప్రసారం చేసినాము. వినేవారు ఎవరో, ఉన్నారో లేరో తెలియకుండానే చేసినాము. ఆ యంత్రం ప్రసారం చేసేది ఒకే ఒక్క వాక్యం, నేనిక్కడ ఉన్నానని. వినవలసినవారు నలభై యాభై మీటర్లలో ఉండవలె, అదీ వెంటనే. మొదటి పది నిమిషాలలో తవ్వి తీయగలిగితే పదిమందిలో తొమ్మిదిమంది బ్రతుకుతారు. అరగంట దాటేసరికి ముగ్గురిలో ఒకరు మిగిలితే అదృష్టం. కాబట్టి లోయలోనుంచి సహాయం వచ్చేవరకు ఆగుట అనే ప్రశ్న లేదు. పక్కన నడిచేవాడే రక్షకుడు.

ఇక మార్గదర్శి. దారి చూపుట అతని పనిలో చిన్న భాగం. దారి పటంలో ఉన్నది. నేడు అరచేతిలోని ఫోనులోనూ ఉన్నది. తెల్లవారుజామున నాలుగింటికి లేపుట, రాత్రి గట్టిపడిన మంచు ఎండకు మెత్తబడి జారకముందే ప్రమాదపు వాలులు దాటించుట, నెర్రెలున్నచోట తాడు కట్టించుట, ముప్పై డిగ్రీలకు మించిన వాలు వచ్చినప్పుడు ఒక్కొక్కరినే ఎడంగా పంపుట, సాయంకాలం విడిదిలో అవలాంచి సూచిక చదువుట, ఇవన్నీ పనిలో భాగాలే. ఆ సూచికకు ఐదు మెట్లున్నవి. ఐరోపా దేశాలు 1993లో ఒకే కొలతకు ఒప్పుకొన్నవి. ఐదవ మెట్టునాడు ఎవరూ కదలరు. చిక్కంతా మూడవ మెట్టుతో వస్తుంది: పోవచ్చును, పోకూడదు కూడా.

అటువంటి ఉదయాన ఇక ముందుకు వద్దు అని చెప్పగలుగుట మార్గదర్శి పనిలో అతి కష్టమైనదని మాకు తోస్తున్నది. వెంట ఉన్నవారు నౌసిఖులైతే చెప్పుట సులభం; వారు భయపడి వింటారు. ఎత్తుదారికి వచ్చేవారు నౌసిఖులు కారు. ఇరవై ఏండ్లుగా స్కీ చేస్తున్నవారు, ఎక్కడెక్కడి కొండలో చూచినవారు, ఏడాది పొడుగునా సెలవు కూడబెట్టుకొని డబ్బు చెల్లించి వచ్చినవారు. వారికి జంకు లేదు, ఆశ ఉన్నది.

అనుభవం రక్షిస్తుందని మనం నమ్ముతాము. సగం నిజం. ఇయాన్ మెక్కామన్ అనే అమెరికా పరిశోధకుడు తన దేశంలో జరిగిన ఏడువందలకు పైగా మంచుచరియ ప్రమాదాలను పరిశీలించి 2004లో ఒక వ్యాసం ప్రకటించినాడు. తమకు బాగా పరిచయమైన వాలులకు వచ్చేసరికి, ఉన్నతశిక్షణ పొందినవారు కూడా ఏ శిక్షణా లేనివారికి తీసిపోకుండా తెగించినారని అతనికి తేలినది. నేర్చినది ఎక్కడికి పోయినది? ఎక్కడికీ పోలేదు. ఇదివరకు ఇక్కడ ఏమీ కాలేదు గదా అనే తలంపు దానిమీద కప్పుకొన్నది. మంచు తనమీద ఎవరు నిలుచున్నారో ఎరుగదని ఆ కొండలవారు చెప్పుకొంటారు. మన ఊళ్లలో ఈత వచ్చినవాడే ఏటిలో పోతాడని పెద్దలు అనుట విన్నాము.

2018 ఏప్రిల్ 29వ తేదీన దిక్స్ విడిది నుంచి మార్గదర్శితో కూడిన ఒక జట్టు బయలుదేరినది. దారిలో 3,700 మీటర్లకు మించిన పిన్యె దరోలా శిఖర ప్రాంతం దాటవలె. ముందుగా సూచించినట్లే తుఫాను వచ్చినది. నేల, ఆకాశం ఒకే తెలుపు. ఆ తెలుపులో పైకి పోతున్నామో కిందికి పోతున్నామో కూడా తెలియదట. అదే మంచులో చిక్కిన మరొక చిన్న జట్టు వారితో కలిసినది. మొత్తం పద్నాలుగుమంది. తిరిగి తిరిగి చీకటి పడినది. గాలిలో, చలిలో, ఆరుబయట రాత్రి గడిపినారు. మరునాటి ఉదయం వారిని కనుగొన్నారు. ఏడుగురు మరణించినారు, వారిలో మార్గదర్శి ఒకడు. వీన్యెత్ విడిది అక్కడికి అర కిలోమీటరు దూరంలో ఉన్నది. దీపమూ, పొయ్యీ, వేడి సూపూ అన్నీ ఆ అర కిలోమీటరు అవతల.

పోయినవారిని ఇక్కడ కూర్చుండి తప్పు పట్టుట మాకు ఇష్టం లేదు. ఆ ఉదయం గుమ్మం దగ్గర నిలుచున్నవారికి ఆ సాయంకాలం కనిపించలేదు. ఒక్క మాట మాత్రం చెప్పక తప్పదు. అంత ఎత్తున, అటువంటి గాలిలో, మధ్యదారిలో వెనుకకు తిరుగుట ముందుకు పోవుటంత కష్టమవుతుంది. తిరిగే వేళ ఒకటున్నది. అది చాలా ముందుగా వస్తుంది, ఎండ ఇంకా కాస్తూ ఉండగానే వస్తుంది. ఆ వేళకు తిరిగినవాడిని చూచి తోటివారు పిరికివాడనుకొంటారు.

అదే ప్రాంతంలో, 2024 మార్చి 9న, మార్గదర్శి లేకుండా జెర్మాట్ నుంచి బయలుదేరిన ఆరుగురు తేత్ బ్లాంష్ వద్ద తుఫానులో చిక్కుకొన్నారు. ఐదుగురి దేహాలు దొరికినవి. వారు ఆ దేశంవారే. ఆ కొండల నడుమ పెరిగినవారు.

పిరికితనం అనే మాట వచ్చినది గనుక పాత కథ ఒకటి చెప్పవలసి ఉన్నది. 1820 ఆగస్టులో హామెల్ అనే రష్యా దేశపు ప్రకృతిశాస్త్రవేత్త మోంబ్లాన్ శిఖరమెక్కుటకు షామొనీ వచ్చినాడు. వాతావరణం బాగులేదని మార్గదర్శకులు వెనుకాడినారట. ఆయన వినలేదని, వారి ధైర్యాన్ని శంకించినాడని చెబుతారు. అందరూ బయలుదేరినారు. మంచుచరియ కదిలి ముగ్గురు మార్గదర్శకులను నెర్రెలోకి తోసివేసినది. శాస్త్రవేత్త బ్రతికినాడు. ఆ మరుసటి సంవత్సరమే, 1821లో, షామొనీ మార్గదర్శకులు తమ సంఘం స్థాపించుకొన్నారు. చనిపోయిన వారి కుటుంబాలకు నిధి ఒకటి ఏర్పరచుకొన్నారు. ఆ సంఘం నేటికీ ఉన్నది. 1965లో ఆస్ట్రియా, ఫ్రాన్సు, ఇటలీ, స్విట్జర్లాండు మార్గదర్శకులు కలిసి అంతర్జాతీయ సమాఖ్యకు పునాది వేసినారు. ఈనాడు ఆ సమాఖ్య చిహ్నం ధరించుటకు ఏండ్ల తరబడి శిక్షణ, పరీక్షలు కావలె. హామెల్ నాటి కూలివాడు ఇప్పుడు నిపుణుడైనాడు. అయినా డబ్బు ఇచ్చేవాడు ముందుకంటాడు, డబ్బు పుచ్చుకొనేవాడు వెనుకకనవలసి వస్తుంది. ఆ లెక్క రెండువందల ఏండ్లలో పెద్దగా మారలేదని మాకనిపిస్తుంది. గోదావరి మీద పడవ సరంగు కూడా ఎరిగిన లెక్కే అది.

మారినది కొండ. స్విట్జర్లాండు హిమానీనదాలు 2022, 2023 ఈ రెండు సంవత్సరాలలోనే తమ ఘనపరిమాణంలో పదింట ఒక వంతు కోల్పోయినవి. తండ్రి చూపిన దారి కొడుకుకు పనికిరాకుండా పోతున్నది. ఒకప్పుడు మంచు మీదుగా స్కీలతో దాటినచోట ఇప్పుడు రాతి అంచులు బయటపడి, ఇనుప నిచ్చెనలు పాతవలసి వస్తున్నది. అనుభవాన్ని నమ్ముకొనుటకు ఇది మరింత అనువు కాని కాలం.

మార్గదర్శి రుసుము రోజుకు ఇంత అని లెక్కగడతారు. శిఖరానికి ఇంత అని కాదు. విడిది గుమ్మం నుంచే వెనుకకు తిప్పినా ఆనాటి రుసుము ఇవ్వవలసినదే. వినుటకు ఇది అన్యాయంగా ఉండవచ్చును. మాకు మాత్రం ఈ మొత్తం వ్యవహారంలో ఇంతకన్న తెలివైన ఏర్పాటు కనిపించలేదు. అటువంటి రోజున యాత్రికులు ముభావంగా స్కీలు కట్టుకొని ఆరోలా గ్రామానికి దిగుతారు. అక్కడినుంచి పసుపుపచ్చని తపాలా బస్సు సియోన్ పట్టణానికి పోతుంది. సియోన్‌లో రైలెక్కితే, కొండ చుట్టూ తిరిగి, సాయంకాలానికి జెర్మాట్ చేరవచ్చును. బస్సులో ఎవరూ ఎక్కువ మాట్లాడరట. రాత్రి భోజనాల వేళకు, పైన గాలి మోత వినిపించే సమయానికి, ఎవరో ఒకరు మొదలుపెడతారు, వచ్చే ఏడు సెలవు ఎప్పుడు దొరుకుతుందో చూడవలెనని.