బిడ్డల పక్షమున నిలువదగినవా రెవ్వరు?

(ఒక పఠనమందిరమున యువజన సేవకుల సభలో చేసిన యుపన్యాసము)

 

ప్రపంచమున బాలల హక్కుల రక్షణమునకు యువజనులు చేయుచున్న సేవనుగూర్చి మాటలాడుడని మమ్ము కోరితిరి. మేము న్యాయవాదవృత్తిలో నున్నవారము గనుక మాకలవాటైన త్రోవనే ఈ విషయమును సమీపించెదము. వ్యాజ్యెము ఎంత న్యాయమైనదైనను న్యాయస్థానము మొట్టమొదట నడుగునది "అన్యాయము జరిగినదా?" యని కాదు, "అడుగుటకు నీ వెవ్వడవు?" అని. బిడ్డల విషయమున ఈ ప్రశ్నకు బదులు చెప్పుట మిక్కిలి కష్టము. బిడ్డ తనంతట తాను దావా వేయజాలడు. వాని తరపున సంరక్షకుని రమ్మని చట్టము చెప్పును. ఆ సంరక్షకుడే అప్పునకై కొడుకును పనికి కుదువబెట్టినవా డైనచో, పదునైదేండ్ల కూతునకు ముహూర్తము పెట్టించినవా డైనచో, ఇక రావలసినవా రెవ్వరు?

కాగితములకు కొఱత లేదు. 1989 నవంబరు 20వ తేదీన ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించెను. అందు 54 అధికరణములు కలవు. తనకు సంబంధించిన విషయములలో తన అభిప్రాయమును చెప్పుకొను హక్కు బిడ్డకు కలదని 12వ అధికరణము చెప్పుచున్నది. 1992 డిసెంబరులో మన దేశ మందు చేరెను. లోకమునకు స్వాతంత్ర్యమునుగూర్చి పాఠములు చెప్పు అమెరికా సంయుక్తరాష్ట్రములు 1995లో సంతకము చేసి యంతటితో నిలిచిపోయినవి. చేరిన ప్రభుత్వములలోనైనను ఎన్ని ఆ మాట నిలుపుకొన్నవో చెప్పుటకు పెద్ద పరిశోధన యక్కఱలేదు; మన వీధిలోని కాఫీహోటలు వెనుకభాగమునకు పోయి చూచిన చాలును.

చట్టము పుట్టుటకును, అది బిడ్డ చెవి సోకుటకును నడుమ నెంత దూరమున్నదో పాకిస్తానమున ఒక బాలుని చరిత్రము తెలుపుచున్నది. లాహోరు చేరువ మురీద్కే యను ఊర పుట్టిన ఇక్బాల్ మసీహ్ నాలుగేండ్ల ప్రాయమున, ఇంటివారు చేసిన స్వల్ప ఋణమునకు బదులుగా తివాచీ మగ్గముకడ కట్టుబడెను. 1992లో ఆ దేశమున వెట్టిచాకిరీని రద్దుచేయు శాసనము వెలువడెను. కాని ఆ వార్తను మగ్గముకడకు తెచ్చిన అధికారి యొక్కడును లేడు. బాలుడే తప్పించుకొని పోయి, ఒక సభలో నిలిచి దానిని వినవలసివచ్చెను. విన్న పిమ్మట మఱల మగ్గము ముఖము చూడక, తోడి బాలుర విముక్తికై తిరుగనారంభించెను. 1994లో బోస్టను నగరమున పెద్దలముందు తన కథను తానే చెప్పెను. మఱు సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన ఎవరో తుపాకితో కాల్చి చంపిరి.

ఆ వార్త కెనడాలోని టొరంటో పత్రికలో పడెను. హాస్యచిత్రములకై పత్రికను తిరుగవేయుచున్న క్రెయిగ్ కీల్‌బర్గర్ అను పండ్రెండేండ్ల బాలుడు దానిని చదివి, తన తరగతివారిని కూర్చుకొని ఒక సంఘమును స్థాపించెను. అది అనేక దేశములకు వ్యాపించినది. అదే సంస్థ 2020లో ప్రభుత్వపు ఒప్పందము విషయమై తీవ్రవిమర్శలకు గురియై, కెనడాలో తన కార్యములను ముగించుచున్నట్లు ప్రకటింపవలసివచ్చెను. తరగతిగదిలో పుట్టిన సంఘమైనను లెక్కలు చూపక తప్పదు. చందాపుస్తకము చేతబట్టినవారు మీలో కొంద రున్నారు గనుక ఈ మాట చెప్పుచున్నాము.

ఇంతకంటె మేము విపులముగా చెప్పదలచినది జింబాబ్వే దేశపు వ్యాజ్యెము. అచ్చటి 2013వ సంవత్సరపు రాజ్యాంగము పదునెనిమిదేండ్లు నిండనివారందఱు బాలలేయని చెప్పినది. పాత వివాహచట్టము మాత్రము పదునాఱేండ్ల బాలికకు పెండ్లి చేయవచ్చుననుచునే యుండెను. బాలునకైనచో పదునెనిమిది నిండవలెనట! లవ్‌నెస్ ముడ్జురు, రువింబో త్సోపోడ్జి యను ఇద్దఱు యువతులు రాజ్యాంగ న్యాయస్థానమున ఈ చట్టమును ప్రశ్నించిరి. ఒకరికి పందొమ్మిది, మఱియొకరికి పదునెనిమిది యేండ్లు. ఇరువురును బాల్యముననే కాపురమునకు పోయి, ఆ కష్టము ననుభవించినవారే.

ప్రభుత్వపు న్యాయవాదులు చెప్పిన యుత్తరము వినదగినది. "ఈమె లిప్పుడు బాలికలు కారు, కావున ఈ చట్టమువలన వీరికి కలుగు నష్టము లేదు. ఫలానా బాలిక తరపున వచ్చితిమనియు వీరు చెప్పుటలేదు. కావున అడుగుటకు వీరికి హక్కు లేదు." ఈ వాదమును ఒక్కసారి తిరుగవేసి చూడుడు. బాలికగా నున్నపుడు న్యాయస్థానమునకు రాజాలదు. రాగలిగిన నాటికి బాలిక కాదు. ఈ లెక్కను ఆ చట్టమును ప్రశ్నింపగలవా రెన్నటికిని ఉండరు! న్యాయమూర్తులు ఈ వాదములో సగము నంగీకరించిరి: స్వంత నష్టమును పురస్కరించుకొని వీరు రాజాలరనిరి. కాని లోకహితము కోరి రావచ్చునని ద్వారము తెఱచిరి. 2016 జనవరి 20వ తేదీన తీర్పు వెలువడెను. ఆనాటినుండి ఆ దేశమున స్త్రీ గాని పురుషుడు గాని పదునెనిమిదేండ్లకు ముందు ఏ విధమైన వివాహమును, ఆచారసిద్ధమైన దానినైనను, చేసికొనరాదు. శాసనసభ దీని కనుగుణమైన క్రొత్త వివాహచట్టమును తెచ్చుటకు మఱి ఆఱేండ్లు, అనగా 2022 వఱకు, పట్టెను. బాల్యమును నిన్ననే దాటినవారికి ఆ బాధ మఱపునకు రాలేదు. వ్రాలు చేయగల వయస్సును వచ్చినది. యువజనులకు గల యధికార మిదియే.

యువజను లడిగినదెల్ల మంచిదేనా యని పెద్దలు మమ్మడుగవచ్చును. సరియైన ప్రశ్నయే. 2013 డిసెంబరులో బొలీవియా ప్రభుత్వమునకు స్థానమైన లా పాజ్‌లో పనిచేయు బాలలు ఊరేగింపుగా వెడలిరి. వారి కోరిక, తమ పనిని నిషేధింపవలదని! పోలీసులు వారిపై బాష్పవాయువును ప్రయోగించిరి. దేశమెల్ల సిగ్గుపడెను. 2014లో ప్రభుత్వము కొన్ని నిబంధనలతో పదియేండ్లవారికిని స్వంతముగా పనిచేసికొను అనుమతి నిచ్చెను. 2018లో ఆ సడలింపును తొలగించెను. మా యభిప్రాయ మడిగినచో, ఆ బాలల మాట వినుట న్యాయమే, వారడిగినదానిని ఇచ్చుట అన్యాయము. పదియేండ్ల పిల్లవాడు "నాకు పని కావలె" నన్నపుడు వాని తండ్రికి దొరకు కూలియెంతయని విచారింపవలెను గాని, వాని చేతికి అనుమతిపత్ర మిచ్చుట ప్రభుత్వపు పని కాదు.

ఇక మన యింటి సంగతి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతూద్వాహమును జరిపించినపుడు, పెద్దలు వెలివేయుచుండగా ఆయన ప్రక్క నిలిచినవారిలో ఆయన శిష్యులైన విద్యార్థులు కలరు. బాల్యవివాహ నిరోధమునకై 1929లో శారదా చట్టము వచ్చెను. ఇప్పుడున్నది 2006వ సంవత్సరపు చట్టము. 1991 నుండి రంగారెడ్డి జిల్లా పల్లెలలో మామిడిపూడి వేంకటరంగయ్యగారి పేర వెలసిన సంస్థ శాంతాసిన్హాగారి నాయకత్వమున చేసిన పనిని మీ రెఱుగుదురు. బడిలో లేని ప్రతి బిడ్డయు బాలకార్మికుడేయని వారి సిద్ధాంతము. దానిని ఇంటింటికి మోసినవారెవ్వరు? తమ యింట మొదటిసారిగా చదువు నేర్చిన ఆ యూరి యువకులు, యువతులు. ఆసామి గడపకు పోయి "ఈ పిల్లవానిని బడికి పంపుడు" అనగలుగుటకు పట్టణపు వక్తలము మేము పనికిరాము. ఆ పశువుల వెంట నిన్నటిదాక తిరిగినవాడే కావలెను.

మీరు చేయవలసిన పనికి చట్టము త్రోవ విడిచియే యున్నది. 2006 చట్టపు 13వ సెక్షను ప్రకారము, బాల్యవివాహము జరుగనున్నదని ఎఱిగినవాడు, నమ్ముటకు కారణము గలవాడు ఎవ్వడైనను మొదటి తరగతి మేజిస్ట్రేటునకు ఫిర్యాదు చేయవచ్చును. "నీ వెవ్వడవు?" అను ప్రశ్న ఇచ్చట లేదు. తొందరయున్నచో ఎదుటిపక్షమునకు నోటీసు లేకయే తాత్కాలికపు నిషేధాజ్ఞ నీయవచ్చును. ఆ యాజ్ఞను ధిక్కరించి కట్టిన తాళి చెల్లదు. ఇదివఱకే పెండ్లి జరిగిపోయినచో, ఆ బాలిక తనకు ఇరువదియేండ్లు నిండులోపల దానిని రద్దుచేయుమని కోరవచ్చును. ఈ గడువు సంగతి తెలియక దాటిపోవువా రనేకులు.

ఒక్క హెచ్చరిక. విడిపించిన బిడ్డను నడుమ నిలిపి ఛాయాచిత్రము తీయించుకొని పత్రికలకు పంపకుడు. 2015వ సంవత్సరపు చట్టపు 74వ సెక్షను వారి పేరును, రూపును ప్రకటింపరాదనుచున్నది. చట్టము లేకున్నను, ఆ పిల్ల మఱల అదే వీధిలో నడువవలసినదని మీకు తెలియదా?

శ్రావణమాసపు ముహూర్తములు దగ్గఱపడుచున్నవి. బడిలో ఏ బల్లమీది పిల్ల పదిదినములనుండి రాకున్నదో మాకంటె మీకే ముందు తెలియును. 1098 సంఖ్యకు టెలిఫోను చేయుడు. లేదా మా కడకు రండు. వచ్చునపుడు వధూవరుల పేర్లు, ఊరు, ముహూర్తపు తేదీ, బడి రిజిస్టరులోని పుట్టిన తేదీ తీసికొనిరండు. పందిరి వేసిన మఱునాడు వచ్చినచో మేము చేయగలిగినది స్వల్పము. వారము ముందు వచ్చినచో అర్జీ ఆ రాత్రికే సిద్ధమగును. సాయంకాలము ఏడుగంటల తరువాత మా కార్యాలయము తెఱచియే యుండును. ఇందులకు ఫీజు లేదు.