స్విండన్ పట్టణపు పాటగాండ్రు

గ్రంథాలయోత్సవమున రాక్ సంగీతమా యని నవ్వుదురేమో. ఇంగ్లండులోని స్విండన్ రైల్వే కర్మాగారముతో పెరిగిన పట్టణము. అచటి కార్మికులు 1844లోనే సంఘము కట్టి గ్రంథాలయము నడిపిరి. ఆ యూర పెరిగిన యువకులే ఎక్స్.టి.సి. బృందముగా నేర్పడి, 1979లో 'మేకింగ్ ప్లాన్స్ ఫర్ నైజెల్' అను పాటతో పేరుగాంచిరి. కొడుకు ఉక్కు పరిశ్రమలో చేరవలెనని తల్లిదండ్రులే నిర్ణయించుట దాని యితివృత్తము. మన యిండ్లలో నైజెళ్లకు కొదవా?

1982లో పారిస్ వేదికపై గాయకుడు ఆండీ పార్ట్రిడ్జిని భయమావహించెను. పాట సాగక దిగిపోయెను. ఇచట నిలిచిన నాకును కాళ్లు వణకుచున్నవి గాన ఆ బాధ నెఱుగుదును. అటుపిమ్మట బృందము కచేరీ యాత్రలు మానెను. యాత్రలు లేనిచో రాబడి యెక్కడిది? అయినను 2000 వరకు రికార్డులు వెలువరించుచునే యుండిరి. వానిలో 'స్కైలార్కింగ్' 1986 నాటిది. ఆ యేడే స్విండన్ కర్మాగారము మూతపడెను.