సన్నగా ఉన్న అమ్మకి ఎముక ఎందుకు విరుగుతుంది?

ఈ రోజు ఎపిసోడ్ ఎముకల గురించి. మన దోమలగూడ ఇందిరా పార్కులో పొద్దున్నే నడిచే ఆంటీల మాటలు వినండి, సగం వెయిట్ తగ్గడం గురించే. "అరవై ఏళ్లొచ్చినా ఆవిడ చూడు, ఎంత సన్నగా ఉందో" అంటారు. షుగర్, బీపీ లెక్కలో అది మంచిదే. ఎముక లెక్కలో మాత్రం ముందు ఆ సన్నటావిడ గురించే ఆలోచించాలి.

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా. అక్కడ వీణా శత్రుఘ్న గారి బృందం తక్కువ ఆదాయం ఉన్న 289 మంది ఆడవాళ్లని పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించింది. వయసు 30 నుంచి 60. తుంటి దగ్గర స్కాన్ చేస్తే దాదాపు 29 శాతం మందికి ఆస్టియోపోరోసిస్! వాళ్ల తిండిలో కాల్షియం రోజుకి సుమారు 270 మిల్లీగ్రాములు. మన దగ్గర 2020 సిఫార్సు ప్రకారం పెద్దవాళ్లకి 1000 కావాలి, నెలసరి ఆగినవాళ్లకి 1200.

బరువుకీ దీనికీ ఏంటి సంబంధం? ఎముక మీద లోడ్ పడితేనే అది గట్టిపడుతుంది. నెలసరి ఆగాక అండాశయాలు ఈస్ట్రోజెన్ దాదాపు ఆపేస్తాయి, అప్పుడు కొవ్వు కణజాలమే కొంచెం తయారుచేస్తుంది. పైగా పక్కకి పడినప్పుడు తుంటికి దిండులా ఉంటుంది. 2005లోనే వచ్చిన ఒక అంతర్జాతీయ విశ్లేషణలో బీఎంఐ 25 ఉన్నవాళ్ల కన్నా 20 ఉన్నవాళ్లకి తుంటి విరిగే రిస్క్ దాదాపు రెట్టింపు. అయిదడుగుల మనిషికి అంటే 58 కిలోలకీ 46 కిలోలకీ మధ్య తేడా.

అలాగని లావెక్కమని కాదండోయ్. 25 నుంచి 30కి వెళ్తే లాభం పెద్దగా పెరగలేదు. బొద్దుగా ఉన్నవాళ్లకి చీలమండ ఫ్రాక్చర్లు ఎక్కువ. టైప్ 2 షుగర్ ఉంటే స్కాన్ నార్మల్‌గా ఉన్నా ఎముక విరగొచ్చు.

నేను డాక్టర్ని కాదు, కోడ్ రాసుకున్న మనిషిని. అందుకే ఫ్రాక్స్ అనే కాలిక్యులేటర్ నచ్చింది. వయసు, బరువు, ఎత్తు, ఇదివరకు ఎముక విరిగిందా, అమ్మకో నాన్నకో తుంటి విరిగిందా, పొగ, మందు, కీళ్లవాతం, స్టెరాయిడ్లు, ఇవీ ఇన్‌పుట్స్. పదేళ్ల రిస్క్ చెప్తుంది. ఆస్తమాకో కీళ్లకో నెలల తరబడి మాత్రలు వాడుతుంటే వాటిలో స్టెరాయిడ్ ఉందా అని డాక్టర్‌ని అడగండి, కానీ మీ అంతట మీరు ఆపేయకండి. ఎన్నిసార్లు కింద పడ్డారన్నది ఫ్రాక్స్ అడగదు, అది మీరే చెప్పాలి.