తాగుడు మానేవాడికి తోడుందాం



మేం డాక్టర్లం కాదు. తాగుడు మానాలనుకునేవాళ్లను మన గూడేల నుంచి డీఅడిక్షన్ సెంటర్‌కు తోడుండి తీసుకెళ్లే వలంటీర్లం. ఈ పనిలో నేర్చుకున్న రెండు మాటలు మీ ముందు పెడుతున్నాం.

మొదటిది. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు. రెండు మూడు రోజుల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి. అది గాలి సోకడం కాదు, ప్రాణం మీదికి వచ్చే జబ్బు. ఒక అన్న విషయంలో మాకది తెలియలేదు. ఇంట్లోనే ఉంచి, ఆస్పత్రికి ఆలస్యంగా తీసుకెళ్లాం. ఆయన దక్కలేదు. ఆ తప్పు మాది. అందుకే చెబుతున్నాం, మాన్పించే ముందే డాక్టరుకు చూపించండి. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే 14446కు ఫోన్ చేయండి, పైసా ఖర్చు లేదు.

రెండోది. సెంటర్ నుంచి తిరిగొచ్చినవాడికి అసలు పరీక్ష మన పెళ్లిళ్లలో, పండుగల్లో ఉంటుంది. దేవుడికి ఇప్పసారా సాక పోయడం మన ఆచారం. దాన్ని మేం కాదనడం లేదు. సాక పోశాక ఆ దొప్ప ఆయన చేతికి మాత్రం ఇవ్వకండి. "ఒక్క గుక్కే కదా" అని బతిమాలకండి. తాగలేదని దూరం కూడా పెట్టకండి. మంచినీళ్లిచ్చి, ఎప్పటిలాగే మీ పక్కన కూర్చోబెట్టుకోండి. దండారిలో ఆయన చేతికి డోలు ఇవ్వండి.

మందు సెంటర్‌లో దొరుకుతుంది. తోడు మాత్రం ఊళ్లోనే దొరకాలి.

సెలవు. రాం రాం.