తొలి పనికి ధర: లెక్క కట్టి చెప్పవలసిన మాట

(వృత్తి శిక్షణ ముగించుకొని ధ్రువపత్రాలు అందుకున్న యువతీయువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



విద్యుత్తు పని, ఏసీ మరమ్మతు, కుట్టుపని మీకు శ్రద్ధగా నేర్పారు. అయితే రేపు మొదటిసారి ఎవరైనా మిమ్మల్ని పనికి పిలిచి "ఎంత తీసుకుంటావు?" అని అడిగినప్పుడు ఏమి చెప్పాలో సాధారణంగా ఏ శిక్షణలోనూ నేర్పరు. ఆ క్షణాన మన పిల్లలలో చాలామంది తలవంచుకొని "మీకు తోచింది ఇవ్వండి" అంటారు. వినడానికి అది వినయంగానే ఉంటుంది. కాని ఆ ఒక్క మాటతో మన శ్రమకు విలువ కట్టే అధికారాన్ని ఎదుటివారి చేతిలో పెడుతున్నాం. ఈ రోజు నేను చెప్పదలచినది ఇదే: ధర అనేది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. ఇంటినుంచి బయలుదేరక ముందే మనం కట్టుకోవలసిన లెక్క.

ఇది ఒకరిద్దరి సమస్య కాదు. స్వయం ఉపాధిపై ఆధారపడేవారి వాటా ముస్లింలలో ఎక్కువగా ఉన్నదని 2006లో సచార్ కమిటీ నివేదిక తెలియజేసింది. ఉద్యోగికి జీతం మరొకరు నిర్ణయిస్తారు. మనకు మన నోటినుంచి వచ్చే ధరే జీతం. ఇంటి అద్దె, చెల్లెలి ఫీజు, తల్లి మందులు అన్నీ దానిలోనుంచే రావాలి.

నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాడిని. అంచనాలు, బిల్లులు, ఓచర్ల మధ్యనే నా ఉద్యోగజీవితం గడిచింది. ప్రభుత్వం చిన్న గోడ కట్టించాలన్నా సామగ్రి ఎంత, కూలి ఎంత, రవాణా ఎంత అని విడివిడిగా లెక్క వేస్తుంది. అంతటితో ఆగదు. కేంద్ర ప్రజాపనుల శాఖ ధరల విశ్లేషణలో కాంట్రాక్టరు లాభానికీ పైఖర్చులకూ కలిపి 15 శాతం చేరుస్తారు. పెద్ద పనులు చేసే కాంట్రాక్టరుకు న్యాయమైన ఈ పద్ధతి టెస్టరు పట్టుకొని తిరిగే కుర్రవాడికి అత్యాశ ఎలా అవుతుంది?

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. కొత్తగా పని మొదలుపెట్టిన ఒక ఎలక్ట్రీషియన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఈ అంకెలు మాటవరసకు చెబుతున్నవి. మీ అంకెలు మీరు వేసుకోండి. ఇంటికి నెలకు 15,000 రూపాయలు ఇవ్వాలి. పెట్రోలు, బండి మరమ్మతులకు 2,500. ఫోనుకు 300. డ్రిల్లింగ్ మెషిన్, మల్టీమీటర్, కటింగ్ ప్లేయర్ వంటి పనిముట్లకు 12,000 అయింది, అవి రెండేళ్లు వస్తాయనుకుంటే నెలకు 500. చేసిన పని చెడితే తిరిగి చేసి ఇవ్వడానికి, ఒంట్లో బాగుండని రోజులకు 700. పొదుపు 1,000. మొత్తం 20,000.

ఈ మొత్తాన్ని ఎన్ని రోజులతో భాగించాలి? అసలు కీలకం ఇక్కడే ఉంది. సెలవులు పోను నెలకు 26 రోజులు కదా అని భాగిస్తే రోజుకు సుమారు 770 వస్తుంది. కాని కొత్తవాడికి 26 రోజులూ పని దొరకదు. 16 రోజులు దొరికితే రోజుకు 1,250 రావాలి. పని లేని రోజు కూడా ఇంట్లో పొయ్యి వెలగాలి. ఆ రోజు ఖర్చును పని ఉన్న రోజే సంపాదించుకోవాలి. 770 చొప్పున 16 రోజులు పనిచేసినవాడి చేతికి వచ్చేది 12,320 మాత్రమే. పనిముట్లు, పెట్రోలు ఖర్చులు పోతే ఇంటికి చేరేది 9,320 మాత్రమే. నెలంతా కష్టపడి కూడా ఎందుకు అప్పు చేయవలసి వచ్చిందో అతనికి అర్థం కాదు.

చిన్న మరమ్మతులకూ ఇదే లెక్క. ఒక స్విచ్ మార్చడానికి పది నిమిషాలే పట్టవచ్చు. కాని వెళ్లిరావడానికి గంట పడుతుంది. రోజులో అటువంటి పిలుపులు ఐదు కన్నా ఎక్కువ చూడలేకపోతే, ఒక్కో పిలుపుకు 250 రూపాయలు రావాలి. ఈ సంగతి ఫోనులోనే చెప్పండి. పని అయిన తరువాత చెబితే వాదన, ముందే చెబితే ఒప్పందం.

ఇలా కట్టిన లెక్కను బజారుతో సరిచూసుకోవాలి. మీ ఊరిలో పాయింటుకు ఎంత తీసుకుంటున్నారో ముగ్గురు సీనియర్లను అడగండి. బజారు ధర మీ లెక్కకన్నా తక్కువగా ఉంటే ఖర్చు తగ్గించుకోవాలి, పనిరోజులు పెంచుకోవాలి, లేదా ఎక్కువ ఫలితమిచ్చే పని నేర్చుకోవాలి. నాసిరకం తీగ వేసి ఆ లోటు పూడ్చుకోవాలనుకోవద్దు. తీగలో చేసిన మోసం ఒక ఇంటిని తగలబెట్టవచ్చు.

"మేము కొత్తవాళ్లం, పాతవారి ధర ఎలా అడుగుతాం?" అని మీరు అనవచ్చు. న్యాయమైన ప్రశ్నే. సీనియర్ ఒక రోజులో ముగించే వైరింగు మీకు రెండు రోజులు పట్టవచ్చు. మీ నిదానానికి ఇంటివారు డబ్బు కట్టకూడదు. కావున మొదట్లో రోజుకూలి కాక, పాయింటు లెక్కన, పని మొత్తానికి ధర మాట్లాడుకోండి. ఎక్కువ పట్టిన ఆ ఒక్క రోజు మీరు చెల్లించే గురుదక్షిణ అనుకోండి. చేయి తిరిగేకొద్దీ అదే ధరకు మీ సమయం మిగులుతుంది. ధర మాత్రం తగ్గించవద్దు. తొలి ధర వీధి వీధికీ పాకుతుంది. 600కు చేసినవాడు అదే పనికి మరునెల 1,000 అడిగితే "నిన్నటికి నిన్న పక్కింట్లో 600కే చేశావుగా" అంటారు.

మరి బంధువుల సంగతి? చాచా ఇల్లు, ఖాలా ఇల్లు, మన వీధి మసీదు. వీరివద్ద ముక్కుసూటిగా డబ్బు అడగలేం. అడగకుండా ఉండనూ లేం. దీనికొక మార్గం ఉంది. బిల్లు పూర్తి ధరకే రాయండి: పని ధర 1,000, తగ్గింపు 200, ఇవ్వవలసినది 800. "చాచా, దీని ధర వెయ్యి. మీరు కాబట్టి రెండువందలు తగ్గించాను" అని చెప్పండి. మీరు చూపిన ప్రేమా వారికి తెలుస్తుంది, పని విలువా నిలుస్తుంది. రేపు ఆయన మరొకరికి మీ పేరు చెప్పినప్పుడు వెయ్యి అనే చెబుతారు. ఉచితంగా చేయదలిస్తే అదీ మీ ఇష్టపూర్వకంగా చేయండి. మొహమాటానికి చేసి, తరువాత ఇంటికి వచ్చి నొచ్చుకోవద్దు.

సామగ్రికి మీ జేబులోని డబ్బు పెట్టకండి. జాబితా రాసి ఇచ్చి, ఇంటివారినే కొనమనండి. లేదా సామగ్రి సొమ్ము ముందుగా తీసుకొని, దుకాణం బిల్లు వారి చేతికివ్వండి. దుకాణదారుడు ఇచ్చే రహస్య కమీషన్‌కు ఆశపడితే, అది బయటపడిన నాడు మీరు సంపాదించుకున్న నమ్మకమంతా పోతుంది.

కుట్టుపని నేర్చిన ఆడపిల్లలతో ప్రత్యేకంగా ఒక మాట. శ్రామికులైన ముస్లిం మహిళలలో 70 శాతం మంది తమ ఇంటిలోనే పనిచేస్తున్నారని, మొత్తం శ్రామికులలో ఇది 51 శాతమని సచార్ నివేదికే చెప్పింది. "ఇంట్లో కూర్చునే కదా కుడుతున్నావు" అనే మాట వీరి కూలిని కోస్తున్నది. ఇంట్లో కూర్చున్నంత మాత్రాన సమయం ఉచితమైపోదు. రోజుకు 6 గంటలు, నెలకు 25 రోజులు కుడితే 150 గంటలు. నెలకు 7,500 కావాలంటే గంటకు 50 రావాలి. లైనింగ్ జాకెట్టుకు 4 గంటలు పడితే కూలి 200, దారం, హుక్స్, కరెంటు, మిషను అరుగుదలకు 30, వెరసి 230. లైనింగ్ గుడ్డ వేరు. దానిని 150కి కుట్టి ఇస్తే గంటకు మిగిలేది 30 రూపాయలే. వారం రోజులు ప్రతి జాకెట్టు మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ రాసి చూడండి. ఆ కాగితాన్ని ఇంట్లో పెద్దలకూ చూపండి. మీ పనిని కాలక్షేపమనుకున్నవారి అభిప్రాయం మారుతుంది.

బిల్లు రాస్తే పన్ను పడుతుందేమోనని భయపడవద్దు. సాధారణంగా మన రెండు రాష్ట్రాలలో సేవలు అందించేవారికి ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే జీఎస్టీ నమోదు అవసరం. ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం, దానికి దళారికి డబ్బివ్వనవసరం లేదు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో దర్జీ వృత్తి ఉంది, ఎలక్ట్రీషియన్ వృత్తి లేదు. అర్హత ఉన్నవారికి పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు సహాయం, 5 శాతం వడ్డీకి తొలి విడతగా లక్ష వరకు రుణం లభిస్తాయి. బిల్లు పుస్తకం, బ్యాంకు ఖాతాలో పడిన సొమ్ము మీ సంపాదనకు సాక్ష్యాలు.

కూలి ఎంతో ముందుగా తేల్చుకోవాలన్నది మన ఫిఖహ్‌లో ఇజారా నియమాలలో ఒకటి. కనుక ధర స్పష్టంగా చెప్పడానికి సిగ్గుపడవలసిన పని లేదు. చెప్పిన ధరకు తగిన పని చేసి ఇవ్వడం కూడా అంతే బాధ్యత.

తల్లిదండ్రులకు నా విన్నపం. మొదటి నెల సంపాదన చూసి పిల్లలను నిరుత్సాహపరచకండి. ఈ రాత్రి వారితో కూర్చొని ఇంటి ఖర్చు, పనిముట్ల ఖర్చు ఒక కాగితం మీద రాయించండి. రేపు ఎవరైనా ధర అడిగితే ఆ కాగితం చూసుకొని తలెత్తి జవాబు చెప్పనివ్వండి.