అతుకు ఎక్కడ వెయ్యాలి?

(భిలాయిలో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో ప్లాస్టిక్ సర్జన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. "ముక్కులు చక్కదిద్దే డాక్టరా?" అని అడుగుతూంటారు. ఈ రోజు కాళ్ల గురించి చెబుతాను. మందుపాతర పేలిన జవాను కాలైనా, లారీ కిందపడ్డ స్కూటరు మనిషి కాలైనా మాకు ఎదురయ్యే చిక్కు ఒకటే.

మోకాలి దిగువన ఎముక ముందువైపు చర్మమే గాని కండ లేదు. చర్మం లేచిపోతే ఎముక బయటపడుతుంది. పైభాగంలో, నడిమి భాగంలో అయితే పిక్క కండ తిప్పి కప్పుతాం. చీలమండ దగ్గరికి అది అందదు. అప్పుడు వీపు నుంచో తొడ నుంచో కండను దాని రక్తనాళాలతో సహా తీసి, కాలి రక్తనాళాలకు మైక్రోస్కోప్ కింద వెంట్రుక కన్నా సన్నని దారంతో కుడతాం. దీన్నే ఫ్రీ ఫ్లాప్ అంటారు.

ఏ నాళానికి కుట్టాలి? అసలు ప్రశ్న ఇదే.

నా తొలి రోజుల్లో ఒక కుర్ర జవానుకి గాయం పక్కనే కనబడిన నాళానికి కుట్టేశాను. దగ్గరగా ఉంది, పని సులువు. రెండో రోజుకి కండ నీలం తిరిగింది. సిరలో రక్తం గడ్డకట్టింది. మళ్లీ తెరిచినా నిలవలేదు. చివరికి మోకాలి కింద కాలు తీసేశాం. ఆ తప్పు నాదేనండీ, ఇంకెవరిదీ కాదు.

ఈ ఊళ్లో వెల్డర్లున్నారు, వాళ్లకు చెప్పక్కర్లేదు. తుప్పు పట్టిన పైపుకి అతుకు నిలవదు. మంచి లోహం తగిలేదాకా కోసి అక్కడ వెయ్యాలి. కాలూ అంతే. దెబ్బ పైకి కనిపించేదానికన్నా లోపల ఎక్కువ మేర పాకి ఉంటుంది. పేలుడు గాయంలో మరీను. నాళం మెత్తగా ఉండాలి, చుట్టూ కణజాలం గట్టిపడి ఉండకూడదు, ధమని కోస్తే రక్తం జోరుగా చిమ్మాలి. చిమ్మకపోతే ఇంకా పైకి వెళ్లాలి. దూరమైతే బాగున్న కాలి నుంచి సిర ముక్క తెచ్చి మధ్యలో కలపాలి.

కాలికి ప్రధాన ధమనులు మూడు. ముందుది ఎముక విరిగినప్పుడు తరచు దెబ్బతింటుంది. వెనకది, అంటే పోస్టీరియర్ టిబియల్, కండల చాటున ఉంటుంది గనక చాలాసార్లు అదే మాకు దిక్కు. పాదంలో నాడి కొట్టుకుంటోందని మోసపోకూడదు. పైన తెగినా, మరో ధమని నుంచి రక్తం వెనక్కి తిరిగొచ్చి నాడి కొట్టిస్తుంది. అందుకే ఆ రెండో ధమనిని నొక్కి చూడాలి. అనుమానముంటే యాంజియోగ్రామ్ తియ్యాలి. పాదానికి ఒక్క ధమనే మిగిలితే దాన్ని కొయ్యకుండా పక్కనుంచి కుట్టాలి. లేకపోతే గాయం కప్పబోయి పాదాన్ని పోగొట్టుకుంటాం. సిరలు వీలైతే రెండు కలపడం మంచిది.

ఇక ఆలస్యం సంగతి. లుబ్లియానాకు చెందిన మార్కో గోడినా 532 మంది రోగుల వివరాలు 1986లో ప్రచురించారు. మూడు రోజుల్లోపు చేసిన ఫ్లాపుల్లో పోయినవి నూటికి ఒకటి కన్నా తక్కువ. ఆ తరువాత మూడు నెలల్లోపు చేసినవాటిలో నూటికి 12. ఇప్పుడు వ్యాక్యూమ్ డ్రెస్సింగ్ వల్ల కొంత వెసులుబాటు వచ్చింది గాని, ఆలస్యమైతే నాళాల చుట్టూ మచ్చకట్టి పని కష్టమవుతుందన్న మాట నేటికీ నిజం.

మీరు చెయ్యగలిగింది కూడా ఉంది. ఎముక బయటపడితే శుభ్రమైన గుడ్డతో కప్పండి, ఎముక మీద మాత్రం ఒత్తకండి. కట్టుకట్టి కూర్చోకుండా ఈ ఆపరేషన్ చేసే ఆసుపత్రికి త్వరగా చేర్చండి. ఆపరేషన్ అయిన మనిషికి బీడీ, సిగరెట్ దగ్గరికి రానివ్వకండి. పొగ నాళాన్ని ముడుచుకుపోయేలా చేస్తుంది.

ఆ కుర్రాడి తరువాత కాలు తెరిచిన ప్రతిసారీ, చేతికి దగ్గరగా ఉన్న నాళాన్ని చూసి, "ఇది దగ్గరిదా, మంచిదా?" అని నన్ను నేను అడిగాకే కుట్టు వేశాను.

జై హింద్.