దీపం ఆరినప్పుడు అడుగు వేయవద్దు

(శతవార్షికోత్సవాల కుటుంబ సదస్సులో ఒక సంఘ కాపరి చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉదయం నాకు ఇచ్చిన అంశం ‘విశ్వాసి – ఉద్యోగ బాధ్యత’. ఈ అంశం మీద మాట్లాడేవారు కష్టపడి పనిచేయండి, యజమానికి నమ్మకంగా ఉండండి అని చెప్పడం మామూలు. అది సత్యమే. అయితే నేను మరొక సంగతి మాట్లాడదలచాను. మనసు కుంగిపోయి, ఈ పనిలో ఉండాలా, మానివేయాలా అని రాత్రులు పక్కమీద దొర్లేవారిని గూర్చి చెప్పాలని ఉంది. అటువంటివారు ఈ పందిరి క్రింద కూడా ఉన్నారని నాకు తెలుసు. ఒకప్పుడు నేనూ వారిలో ఒకణ్ణి.

మన సభ్యులు ఏ ఏ పనుల్లో ఉన్నారో చూడండి. కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు బొగ్గు గనుల్లో కొందరు, సారపాక కాగితపు మిల్లులో కొందరు, పాల్వంచ విద్యుత్ కేంద్రంలో కొందరు. దుమ్ముగూడెం, చర్ల అడవి గ్రామాల్లో ఆశ్రమ పాఠశాల ఉపాధ్యాయులు, నర్సులు, అంగన్‌వాడీ కార్యకర్తలు ఉన్నారు. రాత్రి షిఫ్టులు, బదిలీలు, భార్య ఒకచోట భర్త ఒకచోట ఉండే సంసారాలు. వీరి ఇండ్లకు వెళ్ళి క్షేమమేనా అని అడిగితే “దేవుని దయవల్ల క్షేమమే అయ్యగారూ” అంటారు. నేనూ చాలా కాలం అలాగే జవాబు చెప్పాను.

కొన్నేళ్ళ క్రిందట అడవి అంచున ఒక పాస్టరేటులో సేవ చేస్తుండేవాణ్ణి. తొమ్మిది గ్రామ సంఘాలు. వానాకాలంలో వాగులు పొంగితే మూడు ఊళ్ళకు దారి ఉండదు. కష్టం నాకు కొత్త కాదు. కాని ఆ సంవత్సరం నాలో ఏదో మారింది. తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చేది. అన్నం సహించేది కాదు. పెండ్లి చేయించినా సంతోషం లేదు, సమాధి దగ్గర నిలబడినా దుఃఖం లేదు. ఇతరుల కోసం పైకి ప్రార్థన చేసేవాణ్ణి. నా గదిలో మోకరిస్తే ఒక్క మాట వచ్చేది కాదు. వేదాంత కళాశాలలో ఏలీయాను గూర్చి పరీక్ష వ్రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. అయినా బదరీ వృక్షం క్రింద కూలబడినవాణ్ణి నేనేనని గుర్తించలేకపోయాను.

రాజీనామా పత్రం నాలుగుసార్లు వ్రాశాను. నాలుగుసార్లూ చింపివేశాను. ఉంటే సంఘాన్ని మోసగిస్తున్నానని, పోతే దేవుణ్ణి మోసగిస్తున్నానని అనిపించేది. అయిదవ పత్రం బల్లమీద ఉండగా మా సంఘ పెద్ద ఒకాయన వచ్చారు. సింగరేణిలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. నా భార్య ఆయనకు కబురు పంపిందని తరువాత తెలిసింది. పత్రం చూశారు గాని ఏమీ అనలేదు. కొంతసేపటికి ఇలా అన్నారు:

“అయ్యగారూ, నేను ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల పనిచేసిన. బాయిల నెత్తిమీది దీపం ఆరిపోతే ఏం చేస్తరో తెలుసా? నడవరు. ఉన్నకాడ్నే కూసొని కేకేస్తరు. ఇంకొకని దీపమొచ్చినంకనే అడుగేస్తరు. చీకట్ల నడిచినోడే గుంతల పడ్తడు. మీ దీపం ఆరింది. ఇప్పుడు సంతకం పెట్టకుండ్రి. పోతే పోదురు గాని, దీపమొచ్చినంక పోండ్రి.”

ఆ మాటలో నన్ను నిందించడం లేదు. ఉండమని బలవంతం చేయడమూ లేదు. మరుసటి వారం ఆయనే నన్ను బస్సెక్కించి మానసిక వైద్యుని దగ్గరకు తీసుకొనిపోయారు. డాక్టరుగారు రక్తపరీక్షలు చేయించారు. రక్తహీనత, థైరాయిడ్ లోపం ఉన్నా మనిషి ఇలాగే నీరసించిపోవచ్చునట. అవి లేవని తేలిన తరువాత, ఇది డిప్రెషన్ అనే జబ్బు అన్నారు. “ఉండాలా పోవాలా తేల్చుకోలేకపోతున్నాను” అని నేను చెప్పగా, “తేల్చుకోలేకపోవడం కూడా ఈ జబ్బు లక్షణాల్లో ఒకటే” అన్నారు. నా ఆత్మీయ బలహీనత అని నేను అనుకున్నది జ్వరంలో ఒళ్ళు కాలడం వంటిదని ఆనాడు గ్రహించాను.

ప్రియులారా, ఈ జబ్బును గూర్చి కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. దిగులు అందరికీ వస్తుంది, పోతుంది. అయితే దిగులుగాని, దేనిమీదా ఆసక్తి లేకపోవడంగాని దాదాపు ప్రతిరోజూ రెండు వారాలు వదలకుండా ఉండి, దానితోపాటు నిద్ర, ఆకలి చెడి, అలసట, నేను పనికిరానివాణ్ణన్న తలంపు, చావును గూర్చిన ఆలోచనలు వంటివి కలిస్తే వైద్యునికి చూపించుకోవాలి. 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవారిలో ఇంచుమించు 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీని పాలవుతున్నారు. రెండు వందల మంది కూర్చున్న ఆరాధనలో పదిమంది అన్నమాట. మందు మొదటి రోజే పనిచేయదు; మేలు కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది. బాగుందనిపించగానే మనంతట మనమే మానివేయరాదు. షుగరు ఉన్న సహోదరునికి మాత్ర మాని ప్రార్థన చేసుకొమ్మని మనం చెప్పం. మాత్ర వేసుకొని ప్రార్థన చేసుకొమ్మంటాం. ఈ జబ్బుకూ అంతే.

ఇప్పుడు మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం తెరచి చూడండి. కర్మెలు కొండమీద గొప్ప జయం పొందిన ప్రవక్త ఒక బెదిరింపుతో పారిపోయాడు. బెయేర్షెబాలో తన సేవకుణ్ణి వదలిపెట్టాడు. కుంగినవాడు చేసే మొదటి పొరపాటు ఇదే, తోడును వదలుకొనడం. తరువాత చెట్టు క్రింద కూర్చుండి చావు కోరుకున్నాడు. అప్పుడు దేవుడు ఏం చేశాడు? గద్దించలేదు. విశ్వాసం ఏమైందని అడగలేదు. నిద్రపోనిచ్చాడు. దూత లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ పడుకోనిచ్చి మళ్ళీ తినిపించాడు. ఇక్కడ నీకేమి పని అన్న ప్రశ్న హోరేబు కొండకు చేరిన తరువాతగాని రాలేదు. ముందు నిద్ర, ఆహారం, తోడు. ఆ తరువాతనే పనిని గూర్చిన ప్రశ్న. ఈ క్రమాన్ని మనం తలక్రిందులు చేస్తున్నాం. నిద్రలేని మనిషిని కూర్చోబెట్టి, “నీ ఉద్యోగం సంగతి ఏం చేస్తావు?” అని ఇంటిల్లిపాదీ నిలదీస్తున్నాం.

మరి దీపం వచ్చిన తరువాత ఏం తేలుతుంది? కొందరు ఉంటారు, కొందరు వెళ్తారు. రెంటిలో ఏదీ పాపం కాదు. మన తెలుగు సంఘ చరిత్రలో రెండు రకాలవారూ ఉన్నారు. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు మిషనరీలు మచిలీపట్నం వచ్చారు. నోబుల్ 1843లో పాఠశాల స్థాపించి, 1865లో కన్నుమూసేవరకు అక్కడే ఉండిపోయాడు. ఫాక్స్ భార్యను పోగొట్టుకున్నాడు, ఆరోగ్యం పోగొట్టుకున్నాడు. 1848లో స్వదేశానికి వెళ్ళి ఆ ఏడే మరణించాడు. ఉండిపోయినవాడు నమ్మకస్థుడని, వెళ్ళిపోయినవాడు కాడని తెలుగు సంఘం ఏనాడూ అనలేదు. ఇద్దరినీ తండ్రులుగానే తలచుకుంటుంది.

మన దుమ్ముగూడెం సంగతే తీసుకోండి. 1860 ప్రాంతాల్లో గోదావరిమీద పడవల రాకపోకలకై ఇంజనీరు హేగ్ దొర ఆధ్వర్యంలో పనులు జరిగేవి. ఆ పనుల్లో ఉద్యోగం చేస్తున్న ఇందుకూరి వెంకట రామరాజు క్రీస్తును నమ్మి, ఆ ఉద్యోగం విడిచి కోయ సహోదరుల మధ్య సేవకు వచ్చాడు. పడవల పథకం 1871లో ఆగిపోయింది. కోయ ప్రజల మధ్య సేవ ఆగలేదు. కనుక ఉద్యోగం విడవడమంటే ఎల్లప్పుడూ పారిపోవడమని అనుకోకండి.

మూడవ దారి కూడా ఒకటి ఉన్నది. సంఖ్యాకాండం 11వ అధ్యాయంలో మోషే ఈ జనభారం మోయలేను, నన్ను చంపివేయుమని దేవునితో మొరపెట్టుకున్నాడు. దేవుడు ఆయనను పనిలోనుండి తీసివేయలేదు, అదే భారం ఒంటరిగా మోయమనీ అనలేదు. డెబ్బదిమంది పెద్దలకు ఆ భారం పంచాడు. నా విషయంలో జరిగింది ఇదే. ఆరు నెలల తరువాత మనసు తేటపడ్డాక పెద్దలతో కూర్చున్నాం. మూడు ఊళ్ళు మరొకరి చేతికి అప్పగించాం. వారంలో ఒక రోజు నాకు విశ్రాంతి అని నిర్ణయించారు. నేను ఉండిపోయాను. అదే రోజుల్లో ఒక యువ ఉపాధ్యాయిని కూడా ఇటువంటి బాధతోనే మా ఇంటికి వచ్చేది. ఆమె చికిత్స తీసుకొని, బాగుపడి, నిదానంగా ఆలోచించి ఆ ఉద్యోగం మానివేసింది. నేడు వేరొకచోట సంతోషంగా పాఠాలు చెబుతున్నది. మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ విశ్వాసులని నన్ను అడగకండి.

తేల్చుకొనవలసిన సమయం వచ్చినప్పుడు నాకు మేలు చేసిన ప్రశ్నలు కొన్ని మీకూ చెబుతాను. జబ్బుకు ముందు ఈ పని నాకు ఇష్టంగా ఉండేదా? సెలవు రోజున, పుట్టింట్లో, పండుగలో కూడా అదే దిగులు ఉన్నదా, లేక పని గేటు దగ్గరకు పోగానే గుండె బరువెక్కుతున్నదా? ఎక్కడికి పోయినా వెంట వస్తుంటే ఉద్యోగం మారినంత మాత్రాన పోదు. గేటు దగ్గరనే మొదలవుతుంటే అక్కడ ఏముందో చూడాలి. నన్ను బాధిస్తున్నది పనియా, పై అధికారియా, స్థలమా, జీతమా? షిఫ్టు మార్చుకుంటే, బదిలీ అడిగితే తీరుతుందా? రాజీనామాకు బదులు వైద్య సెలవు పెట్టుకొనవచ్చునా? ఇంటి అప్పు, పిల్లల ఫీజులు ఎన్ని నెలలు నడుస్తాయి? ఇవన్నీ కాగితంమీద వ్రాసి, మీ భర్తతోనో భార్యతోనో కూర్చొని చూడండి. అయితే ఒకటి. ఆ పని మీ ప్రాణానికి, మానానికి, మనస్సాక్షికి హాని చేస్తుంటే దీపం కోసం ఆగనక్కరలేదు. నమ్మకమైనవారికి చెప్పి వెంటనే బయటికి రండి.

ఇక ఎప్పుడు ఎవరికి చెప్పాలి? భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది అని మన పిల్లలకు కూడా తెలుసు. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71 అడుగులు దాటిన వరద చూశాం. నీళ్ళు గుమ్మంలోకి వచ్చేదాకా ఎవరూ ఆగరు గదా! మనసుకూ అలాగే మూడు హెచ్చరికలు పెట్టుకోండి. నిద్ర చెడి, పనిమీద మనసు పోకపోతే మొదటి హెచ్చరిక: ఇంట్లో ఒకరికి చెప్పండి. రెండు వారాలు గడిచినా తగ్గకపోతే రెండవది: వైద్యుని దగ్గరకు వెళ్ళండి. చచ్చిపోతే బాగుండునన్న తలంపు వస్తే అది మూడవది. ఆ మనిషిని ఒంటరిగా వదలవద్దు. ఇంట్లో పత్తి చేనుకో మిరప తోటకో తెచ్చిన పురుగుమందు ఉంటే తీసివేయండి. వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపొండి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ నంబరు 14416కు రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పోలీసు కేసు అవుతుందని దాచిపెట్టకండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నవానిగానే ఎంచి ఆదుకొమ్మంటున్నది.

చివరగా సంఘానికి ఒక మనవి. ఒక కుటుంబం నాలుగు ఆదివారాలు ఆరాధనకు రాకపోతే చందా బాకీ అడగడానికి మనిషిని పంపుతాం. ఈసారి ఊరకే కూర్చొని రావడానికి పంపండి. ఉపదేశం వద్దు, ఒక గిన్నెలో కూర తీసుకొని వెళ్ళండి. ఉద్యోగం మానిన యువకుణ్ణి గుడి వాకిట్లో “ఇప్పుడేం చేస్తున్నావు?” అని పదిమంది ముందు అడగకండి. మీ కాపరిని కూడా ఒక్కసారి, “అయ్యగారూ, నిద్ర పడుతున్నదా?” అని అడగండి. ఆ ప్రశ్న నన్ను నాలుగు నెలల ముందు ఎవరైనా అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

నాకు దీపం తెచ్చిన ఆ పెద్దాయన ఇప్పుడు మన మధ్య లేరు. ఆయన చేసినది పెద్ద పని కాదు. వచ్చారు, కూర్చున్నారు, బస్సెక్కించారు. మీలో ఎవరి దీపం ఆరి ఉన్నదో నాకు తెలియదు. ఉన్నచోటనే కూర్చొని కేక వేయండి. వినబడినవారు దీపంతో వెళ్ళండి. చెట్టు క్రింద పడియున్న ప్రవక్తకు రొట్టె పంపిన దేవుడు మనలను ఒకరి యొద్దకు ఒకరిని పంపును గాక. ఆమెన్.